జపాన్ జాజ్ శాక్స్ రికార్డులు సేకరించాలంటే కవర్ వెనకవైపు చదవడం నేర్చుకోండి

జపాన్ జాజ్ అంటే ఇప్పుడు చాలామందికి పియానో ట్రియోలే గుర్తొస్తాయి. ర్యో ఫుకుయి 'సీనరీ' యూట్యూబ్‌లో దానంతటదే వచ్చి పడుతుంది, విన్నవాళ్ళు దాన్ని ప్రేమిస్తారు, అక్కడే ఉండిపోతారు. అది మంచి రికార్డే, కాదనను. కానీ 1945 తర్వాత మూడు దశాబ్దాల పాటు ఆ దేశంలో జాజ్‌ని భుజాన మోసింది శాక్సఫోన్ వాళ్ళని నా గట్టి నమ్మకం. వాళ్ళ రికార్డులు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, వేటి జోలికి వెళ్ళకూడదు, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఎలా తెప్పించుకోవాలి, తెప్పించుకున్నాక ఎలా కాపాడుకోవాలి అన్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కవర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చూసి కొనకండి. తిప్పి వెనకవైపు ఎవరెవరు ఏం వాయించారో చదివి కొనండి. జపాన్ శాక్స్ వాళ్ళ గొప్ప పనిలో సగం వేరేవాళ్ళ పేరు మీద ఉంది: డ్రమ్మర్ల పేరు మీద, పియానిస్టుల పేరు మీద, ట్రంపెట్ వాళ్ళ పేరు మీద. ఒక్క శాక్స్ వాద్యకారుడి సొంత ఆల్బమ్‌లు మాత్రమే పోగుచేస్తే చేతికొచ్చేది అతని కథలో కొంత భాగమే.

ఎందుకిలా అయింది

యుద్ధం ముగిశాక అమెరికన్ సైన్యం జపాన్‌లో ఉన్న ఏళ్ళలో సైనికుల క్లబ్బులకు రోజూ బ్యాండ్లు కావాలి. సాయంత్రం టోక్యో, షింజుకు స్టేషన్ల దగ్గర వాద్యం పట్టుకుని నిలబడితే మిలిటరీ ట్రక్కు వచ్చి ఎక్కించుకుపోయేది. ఒక తరం మొత్తం అలా పని నేర్చుకుంది. అమెరికా నుంచి వచ్చే రికార్డులు కొనే స్తోమత వాళ్ళకు లేదు, అందుకని జాజ్ కాఫీ హోటళ్ళకు పోయి ఒక్క కాఫీ చెప్పి గంటలు గంటలు కూర్చుని, ఆ సోలోలను చెవితో పట్టి కాగితం మీద రాసుకునేవాళ్ళు. యొకొహామాలో 1933లో తెరిచిన చిగుసా అలాంటి చోటు. పియానిస్ట్ తొషికో అకియోషి, ఆల్టో (చిన్న, పై గొంతు శాక్స్) వాయించే సదావో వతనబే అక్కడికి తరచూ వచ్చేవాళ్ళు.

అయితే ఇంత వాయించినా రికార్డు కంపెనీలు వీళ్ళను పెద్దగా రికార్డు చెయ్యలేదు. 1950ల జపాన్ జాజ్‌లో మనకు మిగిలిన అతి విలువైన టేపు ఏ కంపెనీదీ కాదు. 1954 జులైలో యొకొహామాలోని మొకాంబో అనే క్లబ్బులో రాత్రంతా నడిచిన జామ్ సెషన్‌ని, అంటే ముందు అనుకోకుండా అందరూ కలిసి వాయించినదాన్ని, కియోషి ఇవామి అనే కుర్రాడు సొంత టేప్ రికార్డర్ మీద ఎక్కించాడు. అందులో 21 ఏళ్ళ వతనబే ఉన్నాడు, టెనర్ (ఆల్టో కన్నా పెద్ద, లోతైన గొంతు శాక్స్) మీద అకిరా మియజావా ఉన్నాడు, సైన్యంలో పనిచేస్తూ అప్పట్లో జపాన్‌లో ఉన్న అమెరికన్ పియానిస్ట్ హ్యాంప్టన్ హాస్ కూడా ఉన్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా షోతరో మొరియాసు అనే పియానిస్ట్ ఉన్నాడు, ఆ మరుసటేడే అతను చనిపోయాడు, అతని వాయింపు మనకు దక్కింది ఆ టేపు వల్లే. అవి ఎల్‌పీలుగా బయటికొచ్చేసరికి 1970లు వచ్చేశాయి. తర్వాత సీడీలుగా కూడా వచ్చాయి. ధ్వని బాగోదు, మైకు ఎక్కడో దూరంగా ఉంటుంది, జనం మాటలు వినిపిస్తాయి. అయినా సరే సేకరణలో ఇది ఉండాలి, ఎందుకంటే తర్వాత పాతికేళ్ళలో వచ్చినవన్నీ ఆ రాత్రి వాయించినవాళ్ళ చేతుల్లోంచి, వాళ్ళను చూసి నేర్చుకున్నవాళ్ళ చేతుల్లోంచి వచ్చినవే.

1961లో అమెరికన్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ బృందం, 1966లో అమెరికన్ టెనర్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ వచ్చి వాయించి వెళ్ళారు. వాటి తర్వాత టెనర్ వాళ్ళ వాయింపు మారిపోయింది. ఇక 1969 నుంచి గేట్లు తెరుచుకున్నట్టే: విక్టర్, కొలంబియా, అంతకు ముందేడే పెట్టిన సీబీఎస్ సోనీ, ఫిలిప్స్, వీటికి తోడు చిన్న చిన్న స్వతంత్ర లేబుళ్ళు. మీరు డబ్బు పెట్టబోయేది ఎక్కువగా 1969 నుంచి 1978 మధ్య వచ్చిన రికార్డుల మీదే.

మొదలు వతనబేతోనే

అరుదైన రికార్డుల వెంట పడే ముందు సదావో వతనబే దగ్గర మొదలుపెట్టండి. 1933లో ఉత్సునొమియాలో పుట్టాడు, అకియోషి క్వార్టెట్‌లో చేరాడు, ఆవిడ అమెరికా వెళ్ళిపోయాక బృందాన్ని తనే నడిపాడు, 1962లో తనూ బర్క్‌లీ కాలేజీకి వెళ్ళి 1965లో తిరిగొచ్చాడు. జపాన్‌లో ఆయన్ని ముద్దుగా నబెసదా అంటారు. రికార్డులు లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో విరివిగా, చవకగా దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి.

ఆయన్ని ఒక్క ముద్దగా చూడకండి. కింగ్ లేబుల్ మీద 1961లో వచ్చిన మొదటి ఆల్బమ్ పక్కా బాప్, అంటే వేగంగా మెలికలు తిరుగుతూ పోయే జాజ్. అమెరికా నుంచి వచ్చాక తక్త్ లేబుల్ మీద బ్రెజిల్ నుంచి వచ్చిన మెత్తటి బోసా నోవా రికార్డులు చేశాడు, అవి ఇంట్లో ఎవరికైనా నచ్చుతాయి. 1969లో 'పాస్టొరల్' దగ్గర గాలి మళ్ళింది. 1970లో న్యూయార్క్ వెళ్ళి చిక్ కొరియా, మిరొస్లావ్ విటూష్, జాక్ డిజానెట్‌లతో 'రౌండ్ ట్రిప్' చేశాడు. నన్నడిగితే వతనబే రికార్డుల్లో ఒక్కటే కొనుక్కోగలిగితే ఇదే కొనండి. కొరియా, డిజానెట్ అప్పట్లో అమెరికన్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ దగ్గర పనిచేస్తున్నవాళ్ళు, ఆ వేడి అంతా ఇందులో దిగింది, వతనబే దాని ముందు ఒక్క అంగుళం వెనక్కి తగ్గలేదు. జపాన్ ముద్రణ ఖరీదనిపిస్తే తర్వాత అమెరికాలో వాన్‌గార్డ్ వేసిన ముద్రణ చూడండి, సంగీతం అదే.

ఆ తర్వాత 1972లో కెన్యా వెళ్ళొచ్చి ఆఫ్రికా ప్రభావంతో కొన్ని రికార్డులు, 1976లో ఈస్ట్ విండ్ లేబుల్ మీద హ్యాంక్ జోన్స్, రాన్ కార్టర్, టోనీ విలియమ్స్‌లతో 'ఐయామ్ ఓల్డ్ ఫ్యాషన్డ్', 1978లో డేవ్ గ్రూసిన్, లీ రిటెనార్‌లతో 'కాలిఫోర్నియా షవర్'. చివరిది జపాన్‌లో పాప్ రికార్డులతో పోటీపడి అమ్ముడుపోయింది. ఫ్యూజన్ (జాజ్‌లో రాక్, ఫంక్ కలిపింది) అంటే పడనివాళ్ళు దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ నేను చూడను. ఆల్టో స్వరం అంత శుభ్రంగా, అంత సంతోషంగా వినపడే రికార్డులు తక్కువ. కద్రి గోపాల్‌నాథ్ కచేరీలు విని పెరిగినవాళ్ళకు ఆల్టో శాక్స్ గొంతు అలవాటే, వాళ్ళు ఈ రికార్డులోకి సులువుగా దిగిపోతారు, ఇక్కణ్ణుంచి వెనక్కి నడుచుకుంటూ 'రౌండ్ ట్రిప్' దాకా వెళ్ళొచ్చు.

మియజావా: నిదానంగా వినాల్సిన మనిషి

వతనబే తర్వాత నేరుగా అకిరా మియజావా దగ్గరికి రండి. 1927లో నగానో ప్రాంతంలోని మత్సుమోతోలో పుట్టాడు, 2000లో పోయాడు. బయటి దేశాల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ, అది అన్యాయం. టెనర్ వాయిస్తాడు, ఫ్లూట్ కూడా. ఆయనకు కొండవాగుల్లో చేపలు పట్టడం పిచ్చి, అది రికార్డుల పేర్లలోనే కనిపిస్తుంది. 1962 నాటి 'యమామే', 1969 నాటి 'ఇవానా', రెండూ కొండ ఏళ్ళలో బతికే చేపల పేర్లు. 1970లో వచ్చిన 'కిసో' నగానో కొండల్లోని లోయ పేరు.

ఈ మూడూ వరసగా వింటే ఒక మనిషి ఎనిమిదేళ్ళలో ఎంత దూరం నడిచాడో అర్థమవుతుంది. 'యమామే' హార్డ్ బాప్ (బాప్‌కి బ్లూస్ ఊపు కలిపింది), చక్కగా కట్టిన ఇల్లులా ప్రతిదీ దాని చోట ఉంటుంది. 'ఇవానా'కి వచ్చేసరికి పియానో దగ్గర మసహికో సాతో ఉంటాడు, లయ వదులవుతుంది, మియజావా పెద్ద గొంతుతో అరవడానికి బదులు మధ్యలో ఖాళీలు వదులుతాడు. 'కిసో'లో ఇక తాళాన్ని లెక్కపెట్టే పని పెట్టుకోకండి. డ్రమ్స్ మీద తకెవో మొరియామా, యొసుకే యమషిత ట్రియోలో ఉన్నవాడు, అలలా మీద పడుతుంటే టెనర్ దాన్ని చీల్చుకుంటూ వస్తుంది. మొదటిసారి వింటే తికమకగా ఉంటుంది. 'ఇవానా' బాగా చెవికెక్కిన తర్వాతే 'కిసో' కొనండి, లేకపోతే ఒక్కసారి విని పక్కన పెట్టేస్తారు.

ఈ మూడింటి అసలు ముద్రణలు ఖరీదు, దొరకడమూ కష్టం. సీడీలుగా, ఎల్‌పీలుగా రీఇష్యూలు, అంటే తర్వాత మళ్ళీ వేసినవి, వచ్చాయి, వాటితో నిశ్చింతగా కానిచ్చుకోవచ్చు.

మత్సుమోతో పేరున్న ప్రతి రికార్డూ జాజ్ కాదు

హిదెహికో మత్సుమోతో, అందరూ పిలిచేది స్లీపీ అని, 1926లో పుట్టాడు. 1953లో డ్రమ్మర్ జార్జ్ కవగుచి, పియానిస్ట్ హచిదాయ్ నకమురా, బాస్ మీద మిత్సురు ఓనోలతో కలిసి బిగ్ ఫోర్ అనే బృందంలో వాయించాడు, అప్పటి జపాన్‌లో వాళ్ళకున్న మోజు అంతా ఇంతా కాదు. తర్వాత డ్రమ్మర్ హిదెవో షిరాకి క్వింటెట్‌లో చేరాడు. ఇక్కడే కవర్ వెనకవైపు చదవడం పనికొస్తుంది. మత్సుమోతో గొప్పగా వాయించిన రికార్డు కావాలంటే షిరాకి పేరు మీద వెతకాలి. 1961లో వచ్చిన 'మత్సురి నొ గెన్సో' చూడండి, జపాన్ తంత్రీవాద్యం కోతో పక్కన టెనర్ ఎలా నిలబడిందో తెలుస్తుంది. అదే షిరాకి 1965లో బెర్లిన్ వెళ్ళి జర్మన్ లేబుల్ సబాకు 'సకురా సకురా' రికార్డు చేసినప్పుడు టెనర్ మీద తకేరు మురవోకా ఉన్నాడు. మురవోకా నచ్చితే 1969లో ట్రంపెట్ వాద్యకారుడు తెరుమస హినో చేసిన 'హైనాలజీ'కి వెళ్ళండి. పేర్లు పట్టుకుని ఇలా ఒక రికార్డులోంచి ఇంకో రికార్డులోకి పోవడమే ఈ సేకరణలో అసలు ఆనందం.

ఇప్పుడు హెచ్చరిక. అమెరికన్ టెనర్ సామ్ టేలర్ వాయించిన మెత్తటి పాటలు జపాన్‌లో విపరీతంగా ఆడాక, అక్కడి కంపెనీలన్నీ మూడ్ శాక్స్ రికార్డులు వెయ్యడం మొదలుపెట్టాయి. సినిమా పాటలు, అక్కడి ప్రేమ పాటలు, వెనక వయొలిన్లు, కవర్ మీద ఒక అమ్మాయి ఫొటో. జాజ్‌లో పెద్ద పేరున్నవాళ్ళు కూడా పొట్టకూటికి వాటిల్లో వాయించారు, తప్పేం లేదు. కానీ ఆన్‌లైన్‌లో మత్సుమోతో పేరు కొట్టగానే చవకగా కనిపించే ఎల్‌పీల్లో చాలావరకు ఇవే ఉంటాయి. పాటల జాబితా చూడండి, పాటకు మూడు నిమిషాల చొప్పున పన్నెండు పద్నాలుగు పాటలుంటే అది చాలావరకు మూడ్ రికార్డే. వెనకవైపు వాద్యకారుల పేర్లు లేకపోయినా అనుమానించండి.

1970ల మంట

1970లో తకెషి ఫుజీ అనే ఆయన త్రీ బ్లైండ్ మైస్ అనే లేబుల్ పెట్టాడు, సేకరించేవాళ్ళు టీబీఎమ్ అంటారు. దాని మొట్టమొదటి రికార్డే ఒక శాక్స్ వాద్యకారుడిది: కోసుకే మినే, పేరు కూడా 'మినే'. టీబీఎమ్ రికార్డులు ఇంజనీర్ యొషిహికో కన్నారి వల్ల ఆడియో పిచ్చి ఉన్నవాళ్ళలో పెద్ద పేరు తెచ్చుకున్నాయి, వాద్యం మీ ఎదురుగా మూడడుగుల్లో ఉన్నట్టే వినపడుతుంది. శాక్స్‌లో రీడ్ మీద ఊపిరి తగిలే చప్పుడు, కీల మీద వేళ్ళు పడే టకటక కూడా ఆ రికార్డుల్లో దొరుకుతాయి. అదే ఏడు మినే ఫిలిప్స్‌కి చేసిన 'ఫస్ట్'లో పియానో మసబుమి కికుచి, బాస్ లారీ రిడ్లీ, డ్రమ్స్ లెన్నీ మెక్‌బ్రౌన్. కికుచి నచ్చాడా, అతని 'పూ-సన్'కి పోండి, అందులోనూ మినే ఉంటాడు. టీబీఎమ్‌లోనే ఇంకా హిదెఫుమి తోకి 1975లో చేసిన 'తోకి' ఉంది, గిటార్ కజుమి వతనబే. తకావో ఉయెమత్సు టెనర్ కూడా ఇదే లేబుల్ మీద వినాలి.

కట్టిన తాళం, వరస వదిలేసి వాయించే ఫ్రీ జాజ్ వైపు ఒక్కటే దారి లేదు. యొసుకే యమషిత ట్రియోలో బాస్ ఉండదు, పియానో, డ్రమ్స్, శాక్స్ అంతే. 1969 నుంచి 1972 వరకు సెయిచి నకమురా, ఆ తర్వాత అకిరా సకాతా. నకమురాతో చేసినవాటిలో 'డాన్సింగ్ కోజికి' ఉంది, 1969లో వాసెదా యూనివర్సిటీలో విద్యార్థులు బారికేడ్లు కట్టుకుని కూర్చున్న భవనంలో వాయించింది. దాని వెనక ఉన్న కోపం, ఉత్సాహం ఇప్పటికీ చల్లారలేదు. సకాతా కావాలంటే 1974లో జర్మనీలోని మోర్స్ పండగలో వాయించిన 'క్లే' కొనండి. జర్మన్ లేబుల్ ఎన్యా వేసింది కాబట్టి యూరప్ అమ్మకందార్ల దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, జపాన్ నుంచి తెప్పించే పని లేదు. సకాతా హిరొషిమా యూనివర్సిటీలో చేపల పెంపకం చదివాడు, నీటి పురుగుల మీద ఇప్పటికీ అంతే ప్రేమ. మియజావా చేపలతో కలిపి చూస్తే జపాన్ శాక్స్‌కీ నీళ్ళకీ ఏదో చుట్టరికం ఉందనిపిస్తుంది నాకు.

డ్రమ్మర్ మసహికో తొగాషి 1969లో చేసిన 'వుయ్ నౌ క్రియేట్'లో టెనర్ మొతొతేరు తకాగి. తకాగి పేరు మీద వెతికితే కొద్దిగానే దొరుకుతుంది, తొగాషి పేరు మీద వెతికితే అసలు తకాగి కనిపిస్తాడు.

కావోరు అబె గురించి వేరుగా చెప్పాలి. 1949లో పుట్టి 1978లో 29 ఏళ్ళకే పోయాడు. ఎక్కువగా ఆల్టోనే, చాలాసార్లు పక్కన ఇంకెవరూ ఉండరు. గిటారిస్ట్ మసయుకి తకయనాగితో 1970లో చేసిన 'కైతైతెకి కోకన్' చాలా కొద్ది కాపీలే వేశారు, దాని అసలు ముద్రణకు పెట్టే డబ్బుతో మీరు ఇక్కడ చెప్పినవన్నీ కొనుక్కోవచ్చు. రీఇష్యూ కొనండి. 1976 నాటి 'మోర్ టా క్రెడి' కూడా అంతే. ఆయన పోయాక బయటికొచ్చిన లైవ్ టేపులు చాలా ఉన్నాయి, అన్నీ కొనాలనే తాపత్రయం వద్దు. ఒక రికార్డు, రాత్రిపూట, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పూర్తిగా వినండి. అది మీ వల్ల కాకపోతే ఆ దారి వదిలెయ్యండి, అందరూ అబెని ఇష్టపడి తీరాలని రూలేం లేదు.

ఫంక్ కావాలంటే జిరో ఇనగాకి, అతని బృందం సోల్ మీడియా, 1975 నాటి 'ఫంకీ స్టఫ్'. ఇది కొత్తగా మళ్ళీ వేశారు, పార్టీలో పెట్టినా నడుస్తుంది.

ఇక చిన్నచిన్నగా సొంతంగా వేసుకున్నవి. 1975లో గున్మా ప్రాంతంలో ఒక హోటల్ యజమాని తన దగ్గర వాయించే విద్యార్థుల బృందం, తోహ్రు ఐజావా క్వార్టెట్, చేత రికార్డు చేయించి విజిటింగ్ కార్డులా పంచిపెట్టాడు, దాని పేరు 'తచిబానా'. అందులో శాక్స్ వాయించిన క్యోయిచిరో మొరిమురా వాయింపులో ఉన్న తెగింపు పెద్ద పేర్లలో చాలామందికి లేదు. అలాగే కోయిచి మత్సుకజే ట్రియో 1975లో చువో యూనివర్సిటీలోని 427వ గదిలో వాయించింది, 'ఎట్ ద రూమ్ 427'. ఈ రెంటినీ లండన్ లేబుల్ బీబీఈ మళ్ళీ వేసింది. 2018లో మొదలైన వాళ్ళ 'జె జాజ్' సంకలనాలు ఒక్కో పేరూ పరిచయం చేసుకోవడానికి మంచి తోవ, డిజిటల్‌గా కూడా దొరుకుతాయి. నా ఉద్దేశంలో ఎల్‌పీకి డబ్బు పెట్టే ముందు ఎవరైనా సరే ముందు అవి వినాలి.

రికార్డు చేతికొచ్చాక ఏం చూడాలి

జపాన్ ఎల్‌పీ కవర్‌కి ఎడమవైపు నిలువుగా చుట్టిన కాగితం పట్టీ ఉంటుంది, దాన్ని ఒబి అంటారు. దాని మీద ధర, కేటలాగ్ నంబర్, కంపెనీ పొగడ్తలు ఉంటాయి. ఒబి ఉంటే ధర ఎక్కువ, లేకపోతే బాగా తక్కువ. సంగీతం కోసం కొనేవాళ్ళు ఒబి లేనిది నిరభ్యంతరంగా కొనొచ్చు, నేను చాలావరకు అలాగే కొంటాను. అయితే ఒబి మీద ధర చూస్తే ముద్రణ ఏ కాలానిదో అంచనా వెయ్యొచ్చు. 1970 ప్రాంతంలో కొత్త ఎల్‌పీ 2,000 యెన్, 1970ల చివరికి 2,500, 1980ల్లో 2,800 దాకా పోయింది. 1969 నాటి రికార్డు ఒబి మీద 1,500 అని ఉంటే అది చాలావరకు తర్వాత వేసిన చవక సిరీస్ రీఇష్యూ. సీడీల్లో ఇంకో గుర్తు ఉంది: జపాన్‌లో 1989 ఏప్రిల్‌లో వినియోగ పన్ను 3 శాతంతో మొదలైంది, 1997 ఏప్రిల్‌లో 5 శాతం అయింది. పన్నుతో, పన్ను లేకుండా అని రెండు ధరలు వేసి ఉంటే అది 1989 తర్వాతదే.

డిస్కు మధ్యలో అంటించిన కాగితం లేబుల్ తెల్లగా ఉండి దాని మీద శాంపిల్ అని ముద్ర ఉంటే అది రేడియోలకు, దుకాణాలకు పంచిన కాపీ. వీటికి కొందరు అదనంగా పెడతారు. ధ్వనిలో ఏ తేడా వస్తుందో చెప్పడం కష్టం, నేనైతే దాని కోసం ఎక్కువ పెట్టను.

ఎక్కడ, ఎలా కొనాలి

రికార్డుల వివరాలు, అమ్మకాలు ఉండే వెబ్‌సైట్ డిస్కాగ్స్‌లో వాద్యకారుడి పేజీ తెరిచి సొంత ఆల్బమ్‌లు వదిలేసి క్రెడిట్స్ విభాగంలో వాద్యాలు, ప్రదర్శన అన్నది నొక్కండి. అతను వేరేవాళ్ళ రికార్డుల్లో వాయించినవన్నీ వరసగా వస్తాయి. నేను మొదట చెప్పిన మాటను అమల్లో పెట్టడానికి ఇంతకన్నా మంచి సాధనం లేదు. పేర్ల స్పెల్లింగ్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, కోసుకే అని ఒకరు, మధ్యలో హెచ్ పెట్టి ఇంకొకరు రాస్తారు. జపాన్ వాళ్ళు ఇంటిపేరు ముందు రాస్తారు, అందుకే మన వాళ్ళకు ఇందులో ఇబ్బంది ఉండదు. జపాన్ సైట్లలో వెతకాలంటే డిస్కాగ్స్ పేజీలో ఉన్న జపాన్ లిపి పేరు కాపీ చేసి అక్కడ అతికించండి, ఇంగ్లిష్ పేరుతో వెతికినదానికి ఎన్నో రెట్లు దొరుకుతాయి.

యాహూ జపాన్ వేలంలో, అక్కడి దుకాణాల్లో మనం నేరుగా కొనడం కష్టం, బయీ, జెన్‌మార్కెట్ లాంటి మధ్యవర్తి సర్వీసులు మన తరఫున కొని, గోడౌన్‌లో పెట్టి, ఒక్క పెట్టెలో సర్ది పంపుతాయి. రికార్డు ధర చూసి సంబరపడొద్దు. దాని మీద సర్వీస్ చార్జి, జపాన్ లోపలి పోస్టేజీ, అక్కణ్ణుంచి ఇండియాకు షిప్పింగ్, ఇక్కడ కస్టమ్స్ సుంకం అన్నీ పడతాయి. సుంకం రేటు బడ్జెట్లతో మారుతుంటుంది, ఆర్డర్ పెట్టేముందు ఒకసారి చూసుకోండి. ఒక్క రికార్డు తెప్పిస్తే రికార్డు కన్నా రవాణా ఎక్కువవుతుంది, నాలుగైదు కలిపి తెప్పిస్తే తలా కొంచెం పడుతుంది. విలువ తక్కువ చూపించమని అమ్మకందార్ని అడక్కండి, దారిలో పోతే ఇన్సూరెన్స్ కూడా అంతే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పార్సిల్ మన ఎండల్లో ఏ వ్యాన్‌లోనో రోజంతా ఉండిపోతే డిస్కు వంకర తిరుగుతుంది, వీలైతే ఆ రెండు నెలలు సీడీలు మాత్రం తెప్పించండి. ఎల్‌పీ పంపేటప్పుడు డిస్కును కవర్ బయట పెట్టి ప్యాక్ చెయ్యమని అడగండి, లేకపోతే దారిలో కుదుపులకు డిస్కు అంచు కవర్‌ని చీలుస్తుంది.

బడ్జెట్ తక్కువైతే సీడీలే కొనండి, అందులో చిన్నతనమేం లేదు. జపాన్ కంపెనీలు పాత జాజ్ ఆల్బమ్‌లను 1,000 యెన్ సిరీస్‌లుగా వేశాయి, రవాణా ఖర్చు కూడా తక్కువ. అసలు ఎల్‌పీ కవర్‌ని చిన్నదిగా అచ్చుగుద్దినట్టు కాగితం కవర్‌తో వేసిన సీడీలూ ఉంటాయి, వాటి వెనకవైపు అక్షరాలకు మాత్రం భూతద్దం కావాలి.

టోక్యో వెళ్ళే పని పడితే డిస్క్ యూనియన్ దుకాణాలకు పోండి, ఒచనొమిజులో జాజ్‌కే ప్రత్యేకంగా ఉంది. చాలా దుకాణాల్లో 'షిచో' అని అడిగితే కొనేముందు విననిస్తారు. పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి, టూరిస్టులకు పన్ను తగ్గింపు ఉంటుంది. అమెరికాలో ఉండే మనవాళ్ళకు ఇంకా సులువు, 'రౌండ్ ట్రిప్' వాన్‌గార్డ్ కాపీ, గ్రూసిన్ కాలపు వతనబే రికార్డులు అక్కడి సెకండ్ హ్యాండ్ దుకాణాల్లో వెతికితే తగులుతాయి.

జపాన్ అమ్మకందార్లు రికార్డు స్థితి గురించి సాధారణంగా తగ్గించే చెబుతారు, వీజీ ప్లస్ (వాడినదే కానీ బాగా ఉందని చెప్పే గ్రేడు) అంటే మన చేతికొచ్చేసరికి కొత్తదానిలా ఉంటుంది. అయితే ఒక్కటి అడగండి: బూజు ఉందా అని. జూన్, జులైలలో అక్కడా వానలే, గది తేమగా ఉంటే డిస్కు మీద తెల్లటి చుక్కలు పడతాయి. గీత పడితే ఒక చోటే టిక్కుమంటుంది, బూజు గ్రూవ్‌లోకి దిగితే సైడంతా చిటపటలాడుతుంది, కడిగినా పూర్తిగా పోదు.

ఇంట్లో

మన దగ్గర కూడా వానాకాలమే శత్రువు. రికార్డులు నిలువుగా పెట్టండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. బయటి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి, వానలకు ఆ గోడ చెమ్మ ఊరుతుంది. పాత కాగితం లోపలి కవర్ తీసేసి, నగవోకా లాంటి స్టాటిక్ పట్టని ప్లాస్టిక్ కవర్ వెయ్యండి, పాతదాన్ని పారెయ్యకుండా వెనక దాచండి, కొన్నిసార్లు వాద్యకారుల వివరాలు దాని మీదే ఉంటాయి. వినే ముందు కార్బన్ బ్రష్‌తో ఒకసారి తుడవండి, కడగాలంటే డిస్టిల్డ్ వాటర్ వాడండి, బోరు నీళ్ళు ఎప్పుడూ వద్దు, ఆరాక ఉప్పు మిగుల్తుంది.

ఒబి ఉన్న రికార్డుకు బయటి ప్లాస్టిక్ కవర్ బిగుతుగా ఉంటే తోసేటప్పుడు ఒబి అంచు ముడుచుకుని చిరుగుతుంది. కొంచెం వదులుది తీసుకోండి. ఒబి వైపును వేళ్ళతో అదిమి పట్టుకుని, అది ముందు లోపలికి వెళ్ళేలా దూర్చండి. యాభై ఏళ్ళ కాగితం, చిరిగితే అతికించడానికి సెల్లోటేపు మాత్రం వెయ్యకండి, కొన్నాళ్ళకు పచ్చబడి జిగురు కవర్‌కి కూడా పడుతుంది.